రూతమ్మ వ్యాను టి. నగర్ పోలేదు

కరోనా తర్వాత బడులు మళ్లీ గాడిలో పడిన ఏడాది జూన్ నెలలో, చెన్నైలోని ఒక ఉచిత న్యాయ సహాయ కేంద్రంలో నాకు ముందు గది డ్యూటీ పడింది. ముందు గది అంటే కక్షిదారులు మొదట వచ్చి కూర్చునే చోటు. కేంద్రం తరఫున పనిచేసే ప్యానెల్లో ఉన్న వకీళ్లు వంతుల వారీగా అక్కడ కూర్చుని, వచ్చినవాళ్ల గోడు విని, అందులో కేసు ఉందో లేదో తేల్చాలి. ఉంటే ప్యానెల్లో ఒకరికి అప్పగించాలి. నేను అప్పటికి ప్యానెల్లో సీనియర్ని. జీవనభృతి కేసులూ, ఇంటి తగాదాలూ చూసేదాన్ని. ట్రాఫిక్ కేసుల జోలికి మాలో ఎవరమూ పోయేవాళ్లం కాదు. ఆ జరిమానా కంటే కోర్టుకి రానూ పోనూ ఆటోకే ఎక్కువవుతుంది.

అందుకే రూతమ్మ పోస్టులో వచ్చిన చలాన్ బల్ల మీద పెట్టినప్పుడు, నేను దాన్ని పూర్తిగా చదవకుండానే కట్టెయ్యమని చెప్పాను. రూతమ్మది రాయపురం. నలభై దాటిన మనిషి. భర్త నడిపే స్కూలు వ్యానును అతను పోయిన తర్వాత తనే నడుపుతోంది. పసుపు రంగు వ్యాను, పసుపు నంబరు ప్లేటు, చేతిలో బాడుగ బండ్లు నడపడానికిచ్చే బ్యాడ్జి లైసెన్సు, అన్నీ సక్రమంగా ఉన్నాయి. నా మాట విని ఆమె కదల్లేదు.

"కట్టేదానికి దుడ్డు లేక రాలేదక్కా. కట్టేస్తే నేను ఆడికి పోయినట్టు ఒప్పుకున్నట్టే కదా. ఆ దినం నా బండి రాయపురం దాటలా. బిడ్డల్ని దించతా ఉండాను," అంది.

అప్పుడు చలాన్ సరిగ్గా చదివాను. ఫిబ్రవరిలో ఒక బుధవారం, మధ్యాహ్నం మూడుంబావుకి, టి. నగర్‌లో పాండీ బజారు పక్క వీధిలో, నో పార్కింగ్ బోర్డు కింద ఆమె వ్యాను నిలిపి ఉందట. ఫొటో కూడా ఉంది. పసుపు వ్యాను, ముందు స్కూల్ వ్యాన్ అన్న బోర్డు, నంబరు అక్షరం పొల్లు పోకుండా ఆమెదే. ఆమె నడిపే బడి రాయపురంలో. బడి వదిలేది మూడింటికి. మూడుంబావుకి వ్యాను టి. నగర్‌లో ఉంటే పిల్లలెక్కడ ఉన్నట్టు?

సరిగ్గా ఆ ప్రశ్నే బడివాళ్లు వేశారు. బండి ఆమె పేరుకి మారినా, చలాన్ సందేశం రికార్డులో మిగిలిపోయిన భర్త పాత ఫోన్ నంబరుకి పోయింది. ఆ నంబరు ఎప్పుడో ఆగిపోయింది. కాగితం పోస్టులో చేరేసరికి ఎండాకాలం సెలవులు కూడా అయిపోయాయి. బడి తెరిచే ముందు వ్యానుల రికార్డులన్నీ తనిఖీ చేసే అలవాటు ఆ బడికి ఉంది. వాళ్లు వెబ్‌సైటులో ఆమె నంబరు కొట్టి చూశారు, ఫొటో కనపడింది. పిల్లల్ని వ్యానులో ఎండలో వదిలేసి చీరల కొట్టుకి పోయిందన్న మాట మర్నాటికల్లా తల్లుల వాట్సాప్ గుంపులో చేరింది. చిలికి చిలికి గాలివాన అయింది. ఒక తల్లి తన కొడుకుని కూర్చోబెట్టి, ఆంటీ ఎప్పుడైనా వ్యాను ఆపిందా అని అడిగిందట. వాడు ఆపిందన్నాడు. పెట్రోలుకి ఆపదా మరి? చిన్నపిల్లవాణ్ణి పదే పదే అడిగితే దేనికైనా అవునంటాడు. పిల్లల్ని ఒక్కొక్కరినే వేరే వ్యాన్లకి మార్చేశారు. విషయం తేలేదాకా గేటు దగ్గరికి రావొద్దని బడి నడిపే కరస్పాండెంటు అమ్మగారు చెప్పారు. నిప్పు లేనిదే పొగ రాదు అని కూడా అన్నారట.

ఆ సామెత వింటే నాకు ఒళ్లు మండుతుంది. కోర్టుల్లో ఇన్నేళ్లు తిరిగినదాన్ని, నిప్పు లేని పొగని ఎంత చూశానో నాకు తెలుసు. ఈ కేసు ఇంకెవరికీ ఇవ్వకుండా నా పేరునే రాసుకున్నాను. పక్క బల్ల మీది సహచరుడు, "పార్కింగ్ చలాన్‌కి సీనియర్ కౌన్సిలా?" అని ఇకిలించాడు. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని కూడా అన్నాడు. అనుకోనీ అనుకున్నాను.

ఈ పద్ధతి తెలియనివాళ్ల కోసం రెండు మాటలు చెబుతాను. ట్రాఫిక్ సబ్ ఇన్‌స్పెక్టరు చేతిలో ఒక చిన్న యంత్రం ఉంటుంది. నిలపకూడని చోట నిలిపిన బండిని ఫొటో తీసి, అందులో నంబరు కొడతాడు. ఆ నంబరు ఎవరి పేరున ఉంటే వాళ్లకి చలాన్ పోతుంది. బండి దగ్గర మనిషి ఉండక్కర్లేదు. డబ్బు కడితే నేరం ఒప్పుకున్నట్టు, అక్కడితో ఫైలు మూసేస్తారు. ఒప్పుకోను అంటే కేసు మేజిస్ట్రేటు కోర్టుకి వెళుతుంది. ఆ రెండో దారి ఉందని కూడా చాలామందికి తెలియదు. తెలిసినా ఎందుకొచ్చిన తిప్పలని కట్టేస్తారు. మేము ఒప్పుకోము అని నమోదు చేయించినప్పుడు కోర్టు గుమాస్తా నా ముఖం, చలాన్ ముఖం మార్చి మార్చి చూశాడు.

కష్టం అక్కడే మొదలైంది. నేను ఆ సమయంలో ఆ చోట లేను అని వాదించే ముద్దాయి, తను ఇంకెక్కడ ఉందో తనే రుజువు చేసుకోవాలి. దీన్ని అలిబి అంటాం. బడి గేటు కెమెరాలో పాత దృశ్యాలు చెరిగిపోయాయి. ఎప్పుడో ఫిబ్రవరిలో ఒక బుధవారం పిల్లలు ఇంటికి ఎన్నింటికి చేరారో ఏ తల్లికి గుర్తుంటుంది? ఒకరిద్దరికి గుర్తున్నా, గుంపుకి ఎదురు చెప్పే ధైర్యం లేదు. కరస్పాండెంటు కోర్టు వ్యవహారాల్లోకి మమ్మల్ని లాగొద్దన్నారు. ఇక నా దగ్గర మిగిలింది పోలీసువారి ఫొటో ఒక్కటే. అదేమో మాకే వ్యతిరేకంగా ఉంది.

ఆ ఫొటోనే పెద్దది చేయించి ముందేసుకుని కూర్చున్నాను. వ్యాను ఆమెదేనని రూతమ్మే ఒక్కోసారి అనుమానపడేలా ఉంది. అంత పోలిక. నంబరు కాకుండా మిగతాది చూద్దామని రోడ్డు వైపు చూశాను. ముందు చక్రానికి జానెడు దూరంలో తెల్లటి ముక్కలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. మధ్యలో ఎర్రగా ఉంది. బూడిద గుమ్మడికాయ పగలగొట్టి, లోపల కుంకుమ కలిపిన గుర్తులు అవి.

చెన్నైలో రోడ్డు మీద గుమ్మడికాయ పగిలి ఉంటే ఎవరూ వింతగా చూడరు. అమావాస్య నాడు ప్రతి కొట్టు ముందూ దిష్టి తీసి కొడతారు. కానీ క్యాలెండరు చూస్తే అది అమావాస్య కాదు. ఆయుధపూజ రోజులూ కావు. పైగా బేరాల వేళ, మిట్ట మధ్యాహ్నం దాటాక, ఆగి ఉన్న బండి చక్రం పక్కన ఎవరు కొడతారు?

ఎవరు కొడతారో నాకు తెలుసు. మేము తాతల కాలం నుంచీ మద్రాసువాళ్లం. మా నాన్న కోడంబాక్కం స్టూడియోల్లో సెట్టు వడ్రంగి. సినిమా షూటింగు ఆఖరి రోజున, ఆఖరి షాటు అయిపోగానే, కెమెరాకి హారతిచ్చి గుమ్మడికాయ కొడతారు. గుమ్మడికాయ కొట్టేశారా అని అడిగితే సినిమా పూర్తయిందా అని అర్థం. ఆ రోజు యూనిట్టు మొత్తానికి బిర్యానీ పెడతారు. నాన్న మాకోసం అరిటాకులో కట్టించుకుని వచ్చేవాడు. ఆ వాసన నా చిన్నతనమంతా ఉంది. ఫొటో చూస్తూ ఉంటే నాకు మళ్లీ ఆకలి వేసింది.

మర్నాడు ఆ వీధికి పోయాను. పళ్లరసం కొట్టాయన్ని అడగ్గానే, హీరోయిన్ స్కూలు వ్యానులోంచి దిగే సీను తన కొట్టు ముందే తీశారని, ఆమెకి దానిమ్మ రసం ఇచ్చింది కూడా తనేనని, కూర్చోబెట్టి మరీ చెప్పాడు. సినిమా ఎవరిదో కోడంబాక్కంలో తెలుసుకోవడానికి మా నాన్న పాత స్నేహితులతో ఒక్క టీ తాగితే చాలింది.

ఆ కంపెనీ ప్రొడక్షన్ మేనేజరు పేరు భాస్కరరావు. షూటింగులో అనుమతుల దగ్గర్నుంచి అన్నం పొట్లాల దాకా చూసుకునేది ప్రొడక్షన్ మేనేజరే. మర్యాదస్తుడు. నల్లకోటు చూసి లేచి నిలబడి, కాఫీ తెప్పించాడు. నేను ఒకే ఒక్క ప్రశ్న అడిగాను. ఫిబ్రవరిలో టి. నగర్‌లో మీరు షూటింగు చేశారా అని.

"చేసినాం మేడం. పోలీస్ పర్మిషన్ ఉండాది. కానీ ఆ వ్యాను మాది కాదు. బాడుగకి తెచ్చింది," అన్నాడు.

వ్యాను మాట నేను ఎత్తనే లేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని మనవాళ్లు ఊరికే అనలేదు. అదీ నిజం గుమ్మడికాయ దగ్గరే దొరికాడు. నాకు నవ్వు ఆగలేదు. ఆయనకి కూడా తను ఏమన్నాడో అర్థమై, కుర్చీలో చతికిలబడ్డాడు. తర్వాత అన్నీ చెప్పాడు.

సినిమాలో చూపించే బండికి అసలు నంబరు వాడరు. ఆర్ట్ డిపార్టుమెంటువాళ్లు డమ్మీ ప్లేటు తయారు చేసి, అసలు ప్లేటు మీద అంటిస్తారు. మామూలుగా ఎవరికీ లేని నంబరు చూసి వేస్తారు. కానీ ఈ నిర్మాతకి ఒక పట్టింపు ఉంది. తన సినిమాలో ఏ బండి నంబరైనా కూడితే ఆరు రావాలి. ఆరు రాని ప్లేటు తయారు చేసుకొచ్చిన ఒక అసిస్టెంటుని ఆయన అంతకు ముందు సినిమాలో సెట్టు మీదే ఇంటికి పంపేశాడట. ఈ సినిమాకి ప్లేట్లు చేసిన అసిస్టెంటు రాయపురం మనిషి. ఏ నంబరు వేద్దామా అని తల పట్టుకుని ఇంటి అరుగు మీద కూర్చుంటే, ఎదురుగా పసుపు వ్యాను నిలిపి ఉంది. నంబరు కూడితే ఆరు. దేవుడే చూపించాడని దాన్నే అచ్చు గుద్దాడు. అది రూతమ్మ వ్యాను.

షాటు అయ్యాక, బండి కదిలే ముందు డమ్మీ ప్లేటు ఊడదీయాలి. అది నియమం. కానీ గుమ్మడికాయ కొట్టగానే అందరూ బిర్యానీ దగ్గరికి పరుగెత్తారు. వ్యాను తెచ్చిన డ్రైవరు కూడా. షూటింగు అనుమతి అప్పటికి ముగిసింది. ఆ సందులో సబ్ ఇన్‌స్పెక్టరు వచ్చాడు.

రూతమ్మ పడుతున్న కష్టం నేను చెప్పగానే భాస్కరరావు పర్సు తీశాడు. జరిమానా తను కడతానని, దానికి రెట్టింపు ఆ తల్లికి ఇస్తానని, గొడవ వదిలెయ్యమని బతిమాలాడు. డబ్బు వద్దు, కోర్టుకి వచ్చి ఇదే మాట చెప్పమన్నాను. ఆయన ముఖం మాడిపోయింది. వీధిలో డమ్మీ ప్లేటుతో బండి నిలపడం కూడా నేరమే. పైగా సినిమా విడుదల దగ్గరపడింది. సాక్షిగా సమను ఇప్పిస్తానంటే, ఆ టైముకి ఏదో ఊళ్లో షూటింగులో ఉంటానన్నాడు. సమనుని ఎన్ని నెలలు తప్పించుకోవచ్చో నాకూ తెలుసు. రూతమ్మకి అన్ని నెలలు లేవు.

చట్టం చేతకాని చోట నేను ఇంకో సెక్షను వాడాను.

"మీ నిర్మాత నంబర్లు కూడుకుని సినిమా తీసే మనిషి కదా. దిష్టి పోవాలని కొట్టిన గుమ్మడికాయ దగ్గరే ఒక ఆడమనిషి కడుపు కొట్టారు. మొగుడు పోయి, బిడ్డల్ని మోసి బతికే మనిషి. రిలీజు ముందు ఆ ఉసురు ఎవరికి తగులుతుందో ఆయన్నే అడగండి," అన్నాను.

నేను ఉసురులు నమ్ముతానా లేదా అన్నది వేరే సంగతి. భాస్కరరావు నా ఎదుటే నిర్మాతకి ఫోను చేశాడు. అవతలి గొంతు నాక్కూడా వినపడింది. "నువ్వు పోయి ఉన్నది ఉన్నట్టు చెప్పి రా. ఆ ఉసురు మనకొద్దు నాయనా," అని.

విచారణ రోజు కోర్టు హాలు కిక్కిరిసి ఉంది. మా కేసు కోసం కాదు, వాయిదాల కోసం వచ్చిన జనం. రూతమ్మ ఇస్త్రీ చీర కట్టుకుని, వ్యాను తాళం చెవి గుప్పిట్లో పట్టుకుని నిలబడింది. మొదట సబ్ ఇన్‌స్పెక్టరు బోనెక్కి, ఫొటో తనే తీశానని చెప్పాడు. నిజాయితీపరుడు, చెప్పింది చెప్పినట్టు చెప్పే రకం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో, వ్యాను పక్కన నేల మీద ఏం చూశారని అడిగాను. గుమ్మడికాయ మీద కాలు జారబోయిందని తమిళంలో చెప్పాడు. చుట్టూ ఏం జరుగుతోందంటే, సినిమావాళ్లు సామాను సర్దుకుంటున్నారన్నాడు. ఈ వ్యాను ఎవరిదని వాళ్లని అడిగారా అన్నాను. నంబరు కళ్ల ముందే ఉంటే అడగడం దేనికి మేడం అన్నాడు. ఆయన తప్పు కూడా కాదు. అబద్ధం ఆడింది ఆ నంబరు.

తర్వాత భాస్కరరావుని పిలిచారు. చేతిసంచిలోంచి వార్తాపత్రికలో చుట్టిన డమ్మీ ప్లేటు తీసి మేజిస్ట్రేటు ముందు పెట్టాడు. పల్చటి రేకు, మీద స్టిక్కరు, వెనకాల రెండు వైపులా అంటుకునే టేపు ఇంకా వేలాడుతోంది. మేజిస్ట్రేటు దాన్ని ఫొటో పక్కన పెట్టి చూశారు. ఫొటోలో ప్లేటు కుడి అంచు టేపు ఊడి కాస్త లేచి ఉంది. ఆ అంచు వంపు రేకు మీద అలాగే ఉంది. లక్షల నంబర్లుండగా ఈ నంబరే ఎందుకు వేశారని ఆయన అడిగారు.

"కూడితే ఆరు రావాలండి," అన్నాడు భాస్కరరావు చేతులు కట్టుకుని.

హాల్లో నవ్వులు. బెంచి గుమాస్తా వేళ్ల మీద కూడి చూసి, అవునన్నట్టు తలూపాడు. మేజిస్ట్రేటు గారు నవ్వు దాచుకోవడానికి మంచినీళ్లు తాగారు.

ప్రభుత్వ వకీలు తెలివైనవాడు. ఇక కేసు నిలవదని చూసి లేచి, ప్రాసిక్యూషన్ ఈ కేసును ఉపసంహరించుకుంటుందన్నాడు. చలాన్ రద్దవుతుంది, అందరం ఇళ్లకి పోవచ్చు. వృత్తిలో ఏ వకీలైనా ఇలాంటి మాట వస్తే చేతులు జోడించి బయటపడతాడు. నేను సరే అనబోతూ రూతమ్మ వైపు చూశాను. ఆమె తల అడ్డంగా ఊపుతోంది. మేజిస్ట్రేటు కూడా చూశారు. ఏమైనా చెప్పాలా అని అడిగారు. ఆయనకి తెలుగు వచ్చు. ఆమె తెలుగులోనే చెప్పింది.

"వెనక్కి తీసుకుంటే సాలదు సామీ. లాయరమ్మ ఏందో చేసి మాఫీ చేయించింది అంటారు. నేను ఆడ ఉండానా, లేనా? దాన్ని మీరు చెప్పాల. నన్ను నమ్మి బిడ్డల్ని ఎక్కించినోళ్లకి ఆ మాట కావాల."

నేను లేచి, ఉపసంహరణ మాకు వద్దని, సంశయ లాభం కింద విడుదల కూడా వద్దని, సాక్ష్యం మీద తీర్పు కావాలని కోరాను. సంశయ లాభం అంటే, నువ్వు చేశావో లేదో తేలలేదు కాబట్టి వదిలేస్తున్నాం అని. ఆ తీర్పుతో శిక్ష తప్పుతుంది గానీ మచ్చ పోదు. ప్రభుత్వ వకీలు ఒక క్షణం ఆలోచించి, తన మాట వెనక్కి తీసుకుంటున్నానని కూర్చున్నాడు. అందుకు ఆయనంటే నాకు ఇప్పటికీ గౌరవమే.

మేజిస్ట్రేటు అక్కడికక్కడే తీర్పు చెప్పి రాయించారు. ఫొటోలోని వాహనం ముద్దాయిది కాదు, ఆ సమయంలో ముద్దాయి గానీ ఆమె వాహనం గానీ ఆ చోట లేవు, ఆమె ఏ తప్పూ చేయలేదు. సినిమా కంపెనీ మీద వేరే చర్య తీసుకోవాలని పోలీసుల్ని ఆదేశించారు. వాళ్లు వాళ్ల జరిమానా నోరెత్తకుండా కట్టారు. సినిమా మాత్రం ఆడలేదు. దానికి రూతమ్మ ఉసురు కారణం కాదు, కథ బాగాలేదు.

మెట్లు దిగుతూ రూతమ్మ నా చెయ్యి పట్టుకుని గట్టిగా ఊపేసింది. భుజం ఊడొస్తుందేమో అనుకున్నాను. నాకు చెప్పలేనంత సంతోషంగా ఉంది. పెద్ద పెద్ద కేసులు గెలిచిన రోజున కూడా అలా నడి వరండాలో గట్టిగా నవ్విన గుర్తు లేదు. ఇకిలించిన సహచరుడికి ఆ సాయంత్రం బిర్యానీ నేనే తెప్పించి పెట్టాను. ఎందుకో వాడికి చెప్పలేదు.

తీర్పు నకలు చేతికి వచ్చాక, రూతమ్మతో పాటు నేనూ బడికి పోయాను. కరస్పాండెంటు గారు చదివి, గేటు దగ్గర పిల్లల కోసం నిలబడ్డ తల్లులందరినీ పిలిచి, తమిళంలో తనే గట్టిగా చదివి వినిపించారు. నిప్పు, పొగ సంగతి ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. అప్పుడు కొడుకుని కూర్చోబెట్టి అడిగిన ఆ తల్లే ముందుకొచ్చి, వాడి సంచీ రూతమ్మ చేతికిచ్చింది. క్షమించమని అనబోతే రూతమ్మ విననే లేదు. "ఎక్కు నాయనా, కిటికీ కాడ కూర్చో, చెయ్యి బయట పెట్టొద్దు," అని పిల్లవాడితో అంటూ వ్యాను తలుపు తీసింది. వారం తిరక్కుండా వ్యాను నిండింది.

ఆ తర్వాత ప్యానెల్ నుంచి తప్పుకునేదాకా ముందు గదిలో నా పద్ధతి ఒకటి మారింది. చిన్న కేసు, పెద్ద కేసు అని మేము జరిమానా చూసి లెక్క కట్టేవాళ్లం. నేను కట్టెయ్యమని చెప్పడం మానేసి, కడితే మీరు ఏం ఒప్పుకున్నట్టవుతుంది అని మొదట అడగడం మొదలుపెట్టాను. చాలామంది కాసేపు ఆలోచించి, ఏమీ లేదమ్మా అని డబ్బు కట్టి వెళ్లిపోయేవారు. ఆలోచించకుండా, రూతమ్మలా చటుక్కున జవాబు చెప్పినవాళ్ల కేసులు నా పేరున రాసుకున్నాను.